సార్ తిన్నారు, పడుకున్నారు

కీడెంచి మేలెంచమన్నారు. ఆ తల్లి మాత్రం మేలు దాకా ఏనాడూ వెళ్ళలేదు, కీడు దగ్గరే కూలబడేది. ఇంటికి రావలసిన మనిషి కాస్త ఆలస్యమైతే లారీ గుద్దేసిందనుకునేది. ఫోను ఎత్తకపోతే స్పృహ తప్పి పడిపోయారనుకునేది. ఎత్తి మామూలుగా మాట్లాడితే ఏదో దాస్తున్నారనుకునేది. "మా అత్తయ్యని వాతావరణం ఆఫీసులో పెడితే ఊళ్ళో ఎవరూ గడప దాటరు," అని కోడలు నవ్వేది. నవ్వేది కానీ, మొగుడు ఊరెళ్ళిన రోజుల్లో తనూ వచ్చి అత్తగారి మంచం పక్కనే పడుకునేది.

ఎంచగా ఎంచగా ఒక కీడు నిజంగానే వచ్చింది. నలభై నిండీ నిండకుండానే ఆవిడ ఒక్కగానొక్క కొడుక్కి గుండెలో నరం పూడుకుపోయింది. స్టెంటు వేసి బతికించారు. డాక్టరు మాత్రలు రాసిచ్చి, చెయ్యకూడనివన్నీ ఏకరువు పెట్టాడు. సిగరెట్టు వద్దు, ఉప్పు తగ్గించు, బరువులెత్తకు, మరీ వేడి నీళ్ళూ ఆవిరి స్నానాలూ కొన్నాళ్ళు మర్చిపో. కొడుకు తల ఊపుతూ విన్నాడు. ఆవిడ తల ఊపకుండా విన్నది, అందుకే ఆవిడకి అన్నీ గుర్తున్నాయి.

అతనిది తలుపుల సామాను వ్యాపారం. తాళాలు, బందులు, గడియలు, తలుపు తనంతట తను మెల్లిగా మూసుకునేలా పైన బిగించే క్లోజర్లు. నెలలో సగం రోజులు ఊళ్ళ మీదే ఉండేవాడు. స్టెంటు వేశాక ఇన్నాళ్ళకి మళ్ళీ మొదటి ప్రయాణం అనేసరికి ఇంట్లో పెద్ద రభసే అయింది. చివరికి ఆవిడ తన బట్టలు సంచీలో కుక్కుకుని గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"నేనూ వస్తున్నా. కాదంటే నన్ను దాటి వెళ్ళు."

"డీలర్ల మీటింగుకి తల్లిని వెంటేసుకుని వెళ్ళిన వ్యాపారస్తుణ్ణి ఎక్కడైనా చూశావా అమ్మా?"

"గుండెలో ఇనప ముక్క పెట్టుకుని ఊళ్ళు తిరిగేవాణ్ణి చూస్తున్నాగా. నడు."

బయల్దేరేటప్పుడు కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుంది. అత్తగారు అంది, "బెంగ పెట్టుకోకు. నీ మొగుణ్ణి తీసుకెళ్తున్నా, మళ్ళీ తెచ్చి నీకు ఒప్పజెప్పే పూచీ నాది." వాళ్ళ వెనక వీధి తలుపు ఎప్పట్లాగే కీచుమని పిల్లి గొంతుతో అరిచింది.

"ఊరందరి తలుపులకీ నోరు మూయించావు, మనింటి తలుపుకి ఒక నూనె చుక్కకి గతి లేదు," అని సణిగింది మెట్లు దిగుతూ.

"అదలా అరిస్తేనేగా నేనొచ్చానని నీకు తెలిసేది," అన్నాడు.

మీటింగు జరిగే మహానగరంలో అతను దిగేది ఎప్పుడూ ఒక్క హోటల్లోనే. అద్దాల తలుపు గిర్రున తిరుగుతుంటే ఆవిడ బయటే నిలబడిపోయింది. సగంలో ఆగిపోతే ఏం గతి, సీసాలో పెట్టిన ఊరగాయలా ఉండిపోమా అని. కొడుకు నవ్వుతూ చెయ్యిపట్టి లోపలికి తీసుకెళ్ళాడు. లోపల నేల ఎంత నునుపుగా ఉందంటే, ఆవిడకి అందులో తన మొహం కనబడలేదు గానీ విరగబోయే తన తుంటి ఎముక కనబడింది. అడుగులో అడుగు వేసుకుంటూ నడిచింది.

వాళ్ళు డెస్కు చేరకముందే అక్కడి అమ్మాయి లేచి నిలబడింది. మొహమంతా నవ్వే. "వచ్చారా సార్. ఎన్నాళ్ళయింది! మీ గది మీకోసం కాచుక్కూర్చుంది. ఈవిడ..."

"మా అమ్మ."

ఆ అమ్మాయి నవ్వు ఇంకాస్త వెడల్పైంది. "అమ్మగారా! మీ గొంతు మా అందరికీ తెలుసమ్మా, మనిషినే చూడలేదు." పక్కన నిలబడ్డ టై కట్టుకున్న మేనేజరు కూడా నవ్వాడు. కొడుకు మాత్రం పెన్ను కోసమన్నట్టు కిందికి చూశాడు.

గొంతు తెలియకేం. ఇన్నేళ్ళుగా కొడుకు ఈ హోటల్లో దిగినప్పుడల్లా ఆవిడ ఫోను చేస్తూనే ఉంది. మొదట్లో "లైన్లో ఉండండి, కనుక్కుంటాం" అనేవాళ్ళు. ఒకసారి ఎంతకీ ఎత్తడంలేదంటే ఆవిడ ఏడ్చి గోలపెట్టి వాళ్ళ చేత గది తాళం తీయించింది. తీరా చూస్తే ఆ మహానుభావుడు ఒళ్ళంతా సబ్బు నురగతో బాత్రూంలోంచి తొంగిచూశాట్ట. ఆ తరవాత్నుంచీ హోటలువాళ్ళు ఎంత మంచివాళ్ళయిపోయారో. ఫోను ఎత్తగానే, అడక్కముందే, "సార్ తిన్నారమ్మా. పడుకున్నారు. మీరు నిశ్చింతగా ఉండండి," అనేవాళ్ళు. పెద్ద హోటలంటే అదీ అని ఆవిడ చుట్టుపక్కల వాళ్ళకి చెప్పుకుని మురిసింది. ఆ మాట చెవిన పడ్డాకే దీపం ఆర్పి పడుకునేది. "ఆ మాట చెప్పేది నువ్వేనా తల్లీ?" అని అడిగింది ఇప్పుడు.

"నేనో, వెనక గదిలో ఫోన్లెత్తే ఆపరేటర్లో. ఎవరో ఒకరం."

"చల్లగా ఉండండమ్మా. మీ మాట మీదే నాకిన్నాళ్ళూ కునుకు పట్టింది."

అమ్మాయి ఏదో అనబోయి, తాళం కార్డులు ఆవిడ చేతిలో పెట్టింది.

లిఫ్టు దిగి నడవాలో వెళ్తుంటే, చేతులనిండా మడతపెట్టిన తెల్ల తువ్వాళ్ళతో వంగి నడుస్తున్న ఒక పెద్దాయన ఎదురయ్యాడు. కొడుకుని చూసి ఆగిపోయాడు. "వచ్చారా సార్. అంతా సిద్ధంగా ఉంచుతాను, ఎప్పట్లాగే."

"తరవాత, తరవాత," అన్నాడు కొడుకు గబగబా.

"ఏంట్రా సిద్ధం?"

"తువ్వాళ్ళమ్మా. తువ్వాళ్ళే."

గదిలో అడుగు పెట్టగానే కొడుకు మొహంలోంచి ఏదో బరువు దిగిపోవడం ఆవిడ చూసింది. పల్చటి తలగడ ఒక్కటే మంచం మీద పెట్టారు, మెత్తనివి అతనికి పడవని. కుర్చీని కిటికీ వైపు తిప్పి ఉంచారు. పాలు లేని టీ పొట్లాలు, అతను చదివే పేపరు. అతను బూట్లు విప్పి, ఆ కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకున్నాడు. ఇంట్లో ఎప్పుడైనా ఇలా కూర్చున్నాడా అని ఆలోచిస్తే ఆవిడకి గుర్తు రాలేదు. పరాయివాళ్ళకి తెలిసిన తలగడ తనకి తెలియదు.

ఆవిడ గది పక్కనే. మధ్యలో తలుపు. కొడుకు దాన్ని తెరిచి వదిలాడు. అది నీళ్ళ మీద ఆకులా తేలుతూ వెళ్ళి, చప్పుడన్నది లేకుండా మూసుకుంది.

"చూశావా? మన సరుకే. పెట్టి ఇన్నేళ్ళయింది, గొంతు లేపలేదు."

"చప్పుడు లేని తలుపేం తలుపురా. ఎవరొచ్చారో ఎవరు పోయారో మనిషికి తెలియొద్దూ," అని ఆవిడ తన సంచీని ఆ తలుపుకి అడ్డం పెట్టింది.

ఆ సాయంత్రమే పరువు పోయింది. మాత్రలేసుకునే వేళకి ఆవిడ అవతలి గదిలోకి వెళ్తే కొడుకు లేడు. బాత్రూంలో లేడు. ఫోను ఎత్తడు. ఆవిడ నడవాలోకి వచ్చి గుండెలవిసేలా ఏడ్చింది. మేనేజరూ, కాపలా మనిషీ పరిగెత్తుకొచ్చారు. ముగ్గురూ కలిసి బీరువా తలుపులు తీసి చూస్తుంటే కొడుకు వెనకనించి వచ్చాడు, మెడకి పౌడరు వాసన కొడుతూ. కింద సెలూన్లో జుట్టు కత్తిరించుకోడానికి వెళ్ళాట్ట. ఆవిడ అప్పటికి మంచం కింద చూస్తోంది.

"మంచం కింద ఎందుకమ్మా?" అన్నాడు.

మేనేజరు మర్యాదగా దగ్గి, నవ్వు మింగేసి వెళ్ళిపోయాడు. కొడుకు తెరిచిన బీరువా తలుపులు ఒక్కొక్కటే మూశాడు. కోప్పడినా బాగుండేది.

"అమ్మా, ఇంట్లో నేను దగ్గితే ఇద్దరు లేస్తారు. మెట్లెక్కితే ఇద్దరు లెక్కపెడతారు. దుకాణంలో కుర్రాళ్ళు కూడా నా చేతిలో పెట్టె లాక్కుంటున్నారు. ఈ ఒక్క చోట నేను రోగిని కాదు. ఇక్కడ నన్ను ఎప్పట్లా చూస్తున్నారు. ఆ జబ్బుని ఇక్కడిదాకా మోసుకురాకు."

"నేనేమన్నానురా? మాత్ర వేసుకుంటావనీ..."

"రేపు ఒక్కరోజు. నా గురించి ఇక్కడ ఎవర్నీ అడగనని మాటివ్వు. ఒక్కరోజు కీడెంచకుండా ఉండు. చూద్దాం ఉండగలవేమో."

ఆవిడ మాటిచ్చింది. ఇవ్వకుండా ఉంటే బాగుండేదని తరవాత ఎన్నిసార్లనుకున్నా, ఆ పూట వాడి మొహం చూసి ఇవ్వని తల్లి ఎక్కడుంటుంది?

మర్నాడు పొద్దున్నే టై కట్టుకుని డీలర్ల దగ్గరికి వెళ్ళాడు. మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు, నుదుటి మీద చెమటతో. మాటలు సరిగా సాగలేదట. పాత డీలరొకడు వేరే కంపెనీకి మారిపోయాట్ట. ఆవిడ తెప్పించిన ఉప్పు లేని సూపు సగం తాగి, రొట్టె ముట్టుకోకుండా లేచాడు.

"మళ్ళీ ఎక్కడికి?"

"ఇక్కడే. ఒకాయన్ని చూసి టీ వేళకి వస్తా. నువ్వు కాసేపు నడుం వాల్చు." తలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. "మాటిచ్చావ్."

"ఇచ్చాన్లేరా, వెళ్ళు."

తలుపు ఎప్పుడు మూసుకుందో ఆవిడకి వినపడలేదు.

కునుకు పట్టింది. లేచేసరికి కిటికీ తెర మీద ఎండ పసుపు రంగుకి తిరిగింది. అవతలి గదిలోకి వెళ్ళింది. లేడు. మంచం పక్కన అతని బూట్లు, పొద్దున వేసుకున్నవే, మేజోళ్ళు లోపల కుక్కి ఉన్నాయి. తెచ్చుకున్నది ఆ ఒక్క జతే. హోటలు వాళ్ళిచ్చే తెల్ల మెత్తటి చెప్పులు మాత్రం కనబడలేదు.

అంటే హోటలు దాటలేదన్నమాట. చెప్పులేసుకుని కిందెక్కడో డీలరుతో కూర్చుని కబుర్లాడుతున్నాడన్నమాట. మరి ఒకాయన్ని చూస్తానన్నాడుగా. ఆవిడ చెయ్యి ఫోను మీదికి వెళ్ళింది, వెనక్కి వచ్చింది. మాటిచ్చింది. నిన్న మేనేజరు మింగిన నవ్వు గుర్తొచ్చింది. వాడికున్నది ఈ ఒక్క చోటు, అదీ పాడు చేస్తానా అనుకుంది. మంచం అంచున కూర్చుంది. బూట్లు సరిగా సర్దింది. మేజోళ్ళు తీసి మడతపెట్టింది. కాలు కాలిన పిల్లిలా గది ఆ చివరికీ ఈ చివరికీ తిరిగి మళ్ళీ కూర్చుంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆవిడ కీడెంచకుండా, వస్తాడులే, వస్తాడులే అనుకుంటూ, పసుపు ఎండ తెర మీంచి గోడ మీదికి పాకేదాకా కూర్చుంది.

ఉన్నట్టుండి తలగడ కింద ఫోను మోగింది. కొడుకు ఫోను. దాని మీద కోడలి బొమ్మ. ఫోను కూడా ఇక్కడే వదిలేసి వెళ్ళాడా? అది మోగి మోగి ఆగింది. ఎత్తి ఏం చెప్పాలో తెలియక ఆవిడ చూస్తూ ఉండిపోయింది. ఇంక మాటా లేదు, పరువూ లేదు.

గదిలో ఉన్న హోటలు ఫోనుకి ఏ మీట నొక్కాలో ఆవిడకి తెలియదు. తన ఫోనే తీసింది. ఇన్నేళ్ళుగా ఇంటినుంచి ఎలా చేసేదో అలాగే, కోడలు "హోటలు" అని రాసిపెట్టిన నంబరు నొక్కింది.

అవతల ఎవరో మగగొంతు, తేనెలో ముంచినట్టు. "నమస్తే అమ్మగారూ. సార్ తిన్నారమ్మా. పడుకున్నారు. మీరు నిశ్చింతగా ఉండండి."

ఆవిడ మంచం వైపు చూసింది. తను కూర్చున్న అంచు తప్ప దుప్పటి ఎక్కడా ముడత పడలేదు.

"ఎక్కడ పడుకున్నాడు బాబూ?"

"ఆయన గదిలోనేనమ్మా. మంచి నిద్రలో ఉన్నారు. లేపమంటారా, వద్దులెండి, పాపం అలసిపోయి వచ్చారు."

"నువ్వు చూశావా?"

"ఇప్పుడే కనుక్కున్నామమ్మా."

ఆవిడ ఫోను పెట్టేసింది. నేను కూర్చున్నదే వాడి మంచం మీద కదా. మరి ఇన్నేళ్ళూ, దీపాలార్పి పడుకున్న ఇన్ని రాత్రులూ, ఎవరు ఎక్కడ తిన్నట్టు, ఎవరు పడుకున్నట్టు?

లిఫ్టు దిగి ఆ నునుపు నేల మీద పరిగెత్తింది. పడతానన్న భయం లేదు. డెస్కు దగ్గర నవ్వుల అమ్మాయే ఉంది.

"నా కొడుకు ఎక్కడమ్మా?"

"పైన... మీ పక్క గదిలోనే కదమ్మా?"

"లేడు. తిని పడుకున్నాడని ఇప్పుడే మీవాడు ఫోన్లో చెప్పాడు. నేను వాడి మంచం మీద కూర్చుని విన్నాను."

ఆ అమ్మాయి మొహంలో నవ్వు దీపం ఆర్పినట్టు పోయింది. "మీరు వచ్చారని వెనక గదిలో వాళ్ళకి తెలియదమ్మా. మీ నంబరు చూసి అలవాటుగా చెప్పేసి ఉంటారు."

"అలవాటా?"

"సారే చెప్పారమ్మా, ఆ సబ్బు నురగ గొడవ అయ్యాక. నేను బయటున్నా, లోపలున్నా, ఏం చేస్తున్నా సరే, మా అమ్మ ఫోను చేస్తే ఈ ముక్క చెప్పండి, ఆవిడ నిద్రపోవాలి అన్నారు. ఫోన్లెత్తే కొత్తవాళ్ళు ఎవరొచ్చినా ముందు అదే నేర్పిస్తాం. మీరు సంతోషిస్తారనే..."

మేనేజరు వచ్చాడు. టై సర్దుకుంటూ ముందే చల్లబరిచే గొంతు పెట్టాడు. "అమ్మగారూ, కూర్చోండి. టీ తెప్పిస్తాను. సార్ బయటికి వెళ్ళి ఉంటారు."

"బూట్లు గదిలో ఉన్నాయి బాబూ."

"వేరే జత ఉండుంటుందమ్మా."

"సర్దింది నేను. ఉన్నది ఒకటే జత. ఫోను కూడా గదిలోనే వదిలేశాడు, ఇదిగో."

"నిన్న కూడా ఇలాగే కదమ్మా కంగారు పడ్డారు. చివరికి జుట్టు కత్తిరించుకుంటున్నారు." పక్కనున్న వాళ్ళెవరో ముసిముసిగా నవ్వారు. అయినా ఆవిడ మొహం చూసి మేనేజరు ఫోను తీసి సెలూనుకి చేశాడు, భోజనశాలకి చేశాడు, జిమ్ముకి చేశాడు. "అక్కడ ఇప్పుడు ఎవరూ ఉండరమ్మా, మధ్యాహ్నం శుభ్రం చెయ్యడానికి మూసేస్తాం. తువ్వాళ్ళాయన కూడా ఎవరూ లేరనే చెప్తున్నాడు."

తువ్వాళ్ళాయన. అంతా సిద్ధంగా ఉంచుతాను, ఎప్పట్లాగే.

"ఆయన ఎక్కడుంటాడు?" అంది ఆవిడ డెస్కు అమ్మాయితో. "నన్నక్కడికి తీసుకెళ్ళు తల్లీ. ఇదొక్కటీ చెయ్యి, ఇంక జన్మలో మీకు ఫోను చెయ్యను."

జిమ్ము ముందు తాడు కట్టి, శుభ్రం చేస్తున్నాం అని బోర్డు వేలాడదీశారు. లోపల తడి సున్నం వాసనలాంటిది. తువ్వాళ్ళాయన బల్ల వెనక నిలబడి మడతలు పెడుతున్నాడు. వాళ్ళని చూసి ఎదురొచ్చి, దారికి అడ్డంగా నిలబడ్డాడు. "లోపల ఎవరూ లేరమ్మా. నేల తడిగా ఉంది, జారతారు."

ఆవిడ ఆయన్ని చూడ్డంలేదు. బల్ల మీద, తువ్వాళ్ళ దొంతర పక్కన, ఒక కళ్ళజోడుంది. దాని ఎడమ కాడకి నల్లదారం చుట్టి ఉంది. బయల్దేరే ముందు రోజు, వదులైందంటే, ఆవిడే చుట్టింది ఆ దారం.

"ఈ కళ్ళజోడు ఎవరిది?"

ఆయన చేతిలో తువ్వాలు జారిపోయింది. డెస్కు అమ్మాయి వైపు చూశాడు, బోర్డు వైపు చూశాడు. "మూసిన వేళలో ఎవర్నీ లోపలికి పంపకూడదమ్మా. తెలిస్తే నా ఉద్యోగం... సార్ వచ్చినప్పుడల్లా అలవాటే. ఒంటరిగా కూర్చుంటారు, అలసట పోతుందంటారు. బోర్డు పెట్టి ఎవర్నీ రానివ్వకు, నేనే వస్తానంటారు. నేను మధ్యలో లాండ్రీకి వెళ్ళొచ్చా. వెళ్ళిపోయుంటారనుకున్నా."

"కళ్ళజోడు వదిలేసి వెళ్తాడా?"

ఆయన లోపలికి పరిగెత్తాడు. ఆవిరి గది తలుపు మందపాటి అద్దం, లోపలంతా పాలు పోసినట్టు తెల్లగా ఉంది. లాగితే చప్పుడు లేకుండా తెరుచుకుంది. వేడి మొహం మీద కొట్టింది. ఆవిరి కాస్త విడిపోయాక, మూల గట్టు మీద, గోడకి చేరబడి, తల ఒక పక్కకి వాల్చి కూర్చుని ఉన్నాడు. నడుముకి తెల్ల తువ్వాలు. పాదాల దగ్గర ఆ మెత్తటి చెప్పులు, రెండూ పక్కపక్కనే, చక్కగా పెట్టుకున్నాడు.

ఒళ్ళు వేడిగా ఉంది. ఆ వేడి చూసి ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. "వెచ్చగా ఉన్నాడు, వెచ్చగానే ఉన్నాడు," అంటూ అరచేతులతో మొహం తుడుస్తూ కూర్చుంది. అది గది వేడి అని డెస్కు అమ్మాయికి అర్థమై, గోడకి తిరిగి నోరు నొక్కుకుంది.

ఆసుపత్రిలో ఎంతోసేపు పట్టలేదు. డాక్టరమ్మ బయటికొచ్చి ఆవిడ పక్కనే బెంచీ మీద కూర్చుంది. కూర్చుందంటేనే ఆవిడకి తెలిసిపోయింది. నిలబడి చెప్పేవి బతికే కబుర్లు.

"కాస్త ముందు తెస్తే..." అంది ఆవిడ. "నేను నిద్ర లేచి కూడా ఊరికే కూర్చున్నానమ్మా. మాటిచ్చానని కూర్చున్నా. ఆ కాసేపూ కూర్చోకపోతే?"

డాక్టరమ్మ తన చేతులకేసి చూసుకుంది.

మేనేజరు గోడ పక్కన నిలబడ్డాడు, మెళ్ళో టై లేదు. ఎప్పుడు తీసేశాడో. డెస్కు అమ్మాయి కింద కూర్చుని ఆవిడ కాళ్ళు పట్టుకుంది. "మంచికే చెప్పామనుకున్నామమ్మా. మీరు నిద్రపోవాలనే."

ఆవిడ ఆ పిల్ల తల మీద చెయ్యి వేసింది. తిట్టడానికి ఒంట్లో సత్తువ లేదు. ఇన్నేళ్ళూ రకరకాలుగా ఎంచి పెట్టుకున్న కీడులన్నీ ఏమయ్యాయో, లారీలూ లిఫ్టులూ దొంగలూ, ఒక్కటీ ఇప్పుడు గుర్తు రావడంలేదు. తెల్లటి ఆవిరి ఒక్కటీ ఆ వరసలో లేదు.

కోడలి అన్నకి ఫోను చేసింది. అతను వాళ్ళ ఇంటికి అవతలి పేటలోనే ఉంటాడు. విన్నాక అన్నాడు, "అత్తయ్యగారూ, చెల్లి ఒక్కతే ఉంది, పక్కన మనిషి లేకుండా ఈ మాట దాని చెవిన పడకూడదు. నేను మా ఆవిడని తీసుకుని బయల్దేరుతున్నా. నేను వెళ్ళేదాకా మీరు ఏం చెప్పకండి. ఫోను వస్తే ఎలాగోలా నెట్టుకురండి."

ఎలాగోలా. ఆవిడ రెండు ఫోన్లనీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కొడుకుది మోగి మోగి ఆగింది. వెంటనే తనది మోగింది.

"అత్తయ్యా, ఏమిటండీ ఈయన, పొద్దుటినుంచీ ఫోనే ఎత్తరు. నాకూ మీ జబ్బు అంటుకున్నట్టుంది, ఉన్నచోట నిలవలేకపోతున్నా. ఎలా ఉన్నారు? తిన్నారా?"

ఆవిడ నోరు తెరిచింది. అప్పుడు ఎవరో లోపల్నించి అందించినట్టు, ఇన్నేళ్ళూ విని విని నాలుకకి అలవాటైపోయిన మాట దానంతట అదే వచ్చింది.

"తిన్నాడమ్మా. పడుకున్నాడు. నువ్వు నిశ్చింతగా ఉండు."

కింద కూర్చున్న డెస్కు అమ్మాయి తలెత్తి చూసి, మళ్ళీ వంచేసుకుంది.

"హమ్మయ్య." కోడలు గట్టిగా ఊపిరి వదిలింది. "మీ నోట నిశ్చింత అన్న మాట రావడం ఇదే మొదటిసారి అత్తయ్యా. ఆ హోటల్లో ఏదో మహత్యం ఉంది. మీ గొంతేంటి అలా ఉంది?"

"ఏసీ పడలేదు."

"చూశారా, ఆయన్ని చూసుకుంటూ మిమ్మల్ని మీరు చూసుకోరు. వేడినీళ్ళు తాగండి. ఆయన్ని లేపకండి, పడుకోనివ్వండి. మీటింగంటే రాత్రంతా నిద్రపోరు."

"లేపన్లేమ్మా."

"రేపు బయల్దేరుతున్నారుగా? ఆయన చొక్కాలు రెండు ఇస్త్రీకిచ్చా. వంటా..." కోడలు ఆగింది. "ఉండండి అత్తయ్యా, ఎవరో బెల్లు కొడుతున్నారు. ఈ వేళప్పుడు ఎవరబ్బా. అన్నయ్య బండి చప్పుడులా ఉందే. ఫోను పెట్టెయ్యకండి, ఇప్పుడే వస్తా."

ఆవిడ పెట్టెయ్యలేదు. చెవికి ఇంకాస్త గట్టిగా నొక్కుకుంది. అడుగుల చప్పుడు దూరమైంది. గడియ తీసిన చప్పుడు. ఆ తరవాత, అంత దూరంనించీ, ఆ ఇంటి వీధి తలుపు కీచుమని అరిచింది.